ఫ్లాష్‌ను కెమెరా మీదనుండి దించుదము



మన ఇండ్లలో ఇనుప బీరువా అడుగు అరలోనో, పాత ట్రంకు పెట్టెలోనో ఒక పెండ్లి ఆల్బము తప్పక ఉండును. ఈ నెలలో ఒక సాయంకాలము తీరిక చేసికొని దానిని తీసి చూడండి. చాలా ఫొటోలలో కొన్ని సంగతులు ఒకే విధముగా కనబడును. ముందు నిలుచున్నవారి ముఖములు బియ్యపు పిండి రాసినట్లు తెల్లబడి యుండును. వారి వెనుక గోడమీద నల్లని నీడ అంటుకొని యుండును. ఇంకను వెనుకనున్న బంధువులు, పందిరి, తోరణములు చీకటిలో కలిసిపోయి యుండును. కొందరి కన్నులు నిప్పుకణికలవలె ఎర్రగా ఉండును. "ఫొటో తీసినవాని కెమెరా మంచిది కాదు" అని మనము అనుకొందుము. కెమెరా ఎంత ఖరీదైనదైనను, ఫ్లాష్ దాని నెత్తిమీదనే కూర్చుండి యున్నంత కాలము ఫలితము ఇట్లే యుండును.

ఇది పట్నపు స్టూడియోలవారి సంగతి, మనకెందుకని అనవద్దు. రెండు కారణములచేత ఇది మన కుటుంబముల సంగతియే. మొదటిది, మన గ్రామములలో చదువు ముగించిన పిల్లలు అనేకులు వాయిదాల మీద కెమెరా కొని, పెండ్లిండ్లు, ఓణీల ఫంక్షనులు, క్రిస్మసు కార్యక్రమములు తీసి ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చుచున్నారు. వారి పనిలో నాణ్యత పెరిగినయెడల వారి ఇంటి అన్నము పెరుగును. రెండవది మరింత ముఖ్యమైనది. మన పెద్దలలో అనేకులు తమ కొరకని ఎన్నడును ఫొటో తీయించుకొనరు. మనుమరాలి పెండ్లిలో ఒక మూలను నిలువబడినప్పుడు పడినదే వారి ఫొటో.

పెద్దవారు గతించినప్పుడు ఏమి జరుగుచున్నదో సంఘకాపరులమైన మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. జ్ఞాపకార్థ కూటమునకు ఫొటో కావలెనని ఇల్లంతయు వెదకుదురు. చివరకు ఏదో పెండ్లి గుంపు ఫొటోలోనుండి ముఖము మాత్రము కత్తిరించి పెద్దది చేయింతురు. ఒక ఇంటిలో అట్టి ఫొటోను గోడకు తగిలించి దండవేసిరి. కుమార్తె దాని యెదుట చాలాసేపు నిలువబడి, మావైపు తిరిగి, "అయ్యగారూ, ఇది మా అమ్మ ముఖంలా లేదండి" అనెను. ఆ తల్లి చామనచాయ మనిషి. ఎండలో కలుపు తీసి, నాట్లు వేసి, నుదుట గీతలు పడిన ముఖము ఆమెది. ఫొటోలో ఆ చాయ లేదు, ఆ గీతలు లేవు. సున్నము వేసిన గోడవలె ఒక తెల్లని మచ్చ మాత్రమున్నది. ఆ కుమార్తె మాటకు మేము ఏమియు బదులు చెప్పలేదు. ఆమె చెప్పినది నిజమే.

ఇట్లు ఎందుకు జరుగునో పరీక్షించుట సులభము. రాత్రి కరెంటు తీసి, టార్చిలైటును మీ కంటి ప్రక్కనే ఆనించి ఎదుట కూర్చున్నవారి ముఖమును చూడండి. ముక్కు, బుగ్గ, నుదురు అన్నియు ఒకే మట్టముగా కనబడును. ఇప్పుడు ఆ టార్చిని చేయి చాచినంత దూరము ప్రక్కకు జరిపి, కొంచెము పైకెత్తి చూడండి. ముక్కుకు ఒక ప్రక్క వెలుగు, ఒక ప్రక్క నీడ వచ్చును. బుగ్గ గుండ్రదనము తెలియును. నుదుటి గీతలు లేచి నిలుచును. ముఖము తానే అయి కనబడును. ఎత్తుపల్లములను మన కంటికి తెలుపునది నీడ. వెలుగు కన్నున్న చోటనే ఉన్నయెడల నీడ ముఖము వెనుక దాగికొనును గనుక రూపము పోవును. కన్నులు ఎర్రబడుటకు కారణము కూడ ఇదియే. లెన్సునకు మిక్కిలి దగ్గరనుండి వచ్చిన వెలుగు కంటిపాపలోనికి నేరుగా పోయి, లోపలి రక్తముగల పొరకు తగిలి, వచ్చిన దారినే తిరిగి లెన్సులోనికి వచ్చును. ఫ్లాష్‌ను ప్రక్కకు జరిపితే ఆ ఎరుపు కనబడదు.

ఈ వెలుగు మనుష్యుల చేతికి ఎట్లు వచ్చినదో కొంచెము తెలిసికొనుట మంచిది. 1887లో జర్మనీ దేశస్థులైన అడాల్ఫ్ మీథే, యోహానెస్ గేడికే అనువారు మెగ్నీషియము కలిపిన పొడిని వెలిగించి ఫొటో తీయు విధానము కనిపెట్టిరి. డెన్మార్కునుండి అమెరికాకు వలస వెళ్లిన జేకబ్ రీస్ అను విలేఖరి ఆ పొడితో న్యూయార్కు పేదవాడల చీకటి గదులలోనికి వెళ్లి, అక్కడ ఇరుకున పడియున్న కూలివారి బ్రదుకులను లోకమునకు చూపెను. 1890లో ఆయన వ్రాసిన పుస్తకము అక్కడి ఇండ్ల సంస్కరణకు తోడ్పడెను. అయితే ఆ పొడి ప్రమాదకరమైనది. ఒకసారి తాను ఫొటో తీసిన ఇంటికే నిప్పంటుకొన్నదని ఆయనే వ్రాసెను. 1929లో జర్మనీలోనే గాజు బుడ్డిలో కాలు బల్బు వచ్చినది. అది ఒక ఫొటోకు ఒకటి చొప్పున ఖర్చగును. 1931 ప్రాంతములో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అను ఆచార్యుడు గ్యాసు నింపిన గొట్టములో విద్యుత్తును మెరిపించి, మరల మరల వాడదగిన ఫ్లాష్‌కు దారి చూపెను. నేడు మన పిల్లల చేతిలోనున్నది ఆ వంశములోనిదే.

ఇక కావలసిన సామాను. చేతితో అమరికలు మార్చుకొనుటకు వీలైన కెమెరా ఒకటి. శక్తిని పూర్తి, సగము, పావు, ఇట్లు 1/64 లేక 1/128 వంతు వరకు తగ్గించుకొనదగిన ఫ్లాష్ ఒకటి. కెమెరా చెప్పగానే దూరముననున్న ఫ్లాష్‌ను వెలిగించు రేడియో ట్రిగ్గరు. ఒక స్టాండు. తెల్లని గొడుగు. ఇంతే. కొన్ని ఫ్లాష్‌లలోనే రేడియో రిసీవరు ఉండును, అట్టివాటికి కెమెరా మీద పెట్టు ట్రిగ్గరు చాలును. కొనకముందు ఆ ట్రిగ్గరు మీ కెమెరా కంపెనీకి తగినదేనా అని అడుగవలెను. ఎవరైనను పాత ఫ్లాష్ ఉచితముగా ఇచ్చినయెడల తొందరపడి నేటి కెమెరాకు తగిలించవద్దు. పాతవాటిలో కొన్నిటి ట్రిగ్గరు వోల్టేజి ఎక్కువ, అది కెమెరాను పాడుచేయగలదు. మరల ఛార్జి చేసికొను సెల్లులు రెండు జతలు ఉంచుకొనండి. తల్లిదండ్రులకు మా మాట ఒకటే: వడ్డీకి తెచ్చి నాలుగు ఫ్లాష్‌లు కొనవద్దు. ఒక్క ఫ్లాష్‌తో పని నేర్చినవాడు నాలుగింటితోను చేయగలడు. ఒక్కదానితో రానివానికి నాలుగు ఉన్నను రాదు.

మొదట నేర్చుకొనవలసినది, ప్రతి ఫ్లాష్ ఫొటోలోను రెండు వెలుగులు ఉండునని. ఒకటి ఆ చోటున అదివరకే ఉన్న వెలుగు: సాయంకాలపు ఆకాశము, దీపాల తోరణము, గదిలోని బల్బు. రెండవది మనము వేయు ఫ్లాష్. రైతులకు తెలిసిన పోలికతో చెప్పుదుము. ఉన్న వెలుగు కాలువ నీటివంటిది. తూము ఎంతసేపు తెరచియుంచితే అన్ని నీళ్లు మడిలోనికి వచ్చును. ఫ్లాష్ ఒక్కసారిగా గుమ్మరించిన బిందెవంటిది. తూము పూర్తిగా తెరచియున్న క్షణములో ఆ బిందె పడెనంటే చాలును. తరువాత తూమును ఎంతసేపు ఉంచినను బిందె నీళ్లు పెరుగవు. కెమెరాలో ఆ తూము షట్టరు. కావున షట్టరు వేగము మార్చితే వెనుకనున్న వెలుగు మాత్రము మారును, ముఖముమీది ఫ్లాష్ వెలుగు మారదు. 1/125 సెకను నుండి 1/30కి తెచ్చినయెడల వెనుకనున్న తోరణములకు నాలుగింతల వెలుగు వచ్చును, పెండ్లికుమార్తె ముఖము మాత్రము ముందున్నట్లే యుండును. ఆల్బములలో వెనుక చీకటియగుటకు మందు ఇదే. అయితే షట్టరు ఇంత నెమ్మదియైనప్పుడు చేయి కదలకూడదు.

లెన్సు రంధ్రము, ఐ.ఎస్.ఓ. అనునవి రెండు వెలుగులను కలిపి పెంచును, కలిపి తగ్గించును. ఫ్లాష్‌ను మాత్రమే మార్చవలెనంటే దాని శక్తిని మార్చవలెను, లేదా దానిని దగ్గరకో దూరమునకో జరుపవలెను. మరియొక హద్దు ఉన్నది. చాలా కెమెరాలలో షట్టరు 1/200 లేక 1/250 దాటినయెడల రెండవ తెర ముందుగానే బయలుదేరును గనుక ఫొటోలో ఒక ప్రక్క నల్లని పట్టీ పడును. మొదట నేర్చుకొనువారు 1/125 దగ్గర ఉండుట క్షేమము.

రెండవది దూరము. ఫ్లాష్‌నుండి దూరము రెట్టింపైతే వెలుగు సగము కాదు, నాలుగవ వంతు అగును. మూడింతలైతే తొమ్మిదవ వంతు. దీనిని ఒక పెండ్లి జంటమీద చూడండి. ఫ్లాష్ పెండ్లికుమార్తెకు ఒక మీటరు దూరములో, ఆమె అవతల పెండ్లికుమారుడు రెండు మీటర్ల దూరములో ఉన్నారనుకొందము. ఆమెకు పడిన వెలుగులో నాలుగవ వంతే అతనికి పడును. ఆమె తెల్లబడును, అతడు నల్లబడును. ఇప్పుడు అదే ఫ్లాష్‌ను వెనుకకు జరిపి ఆమెకు నాలుగు మీటర్లు, అతనికి ఐదు మీటర్లు అయినట్లు ఉంచండి. అతనికి ఆమెకు పడినదానిలో సుమారు మూడింట రెండు వంతులు పడును. ఇద్దరును దాదాపు సమముగా కనబడుదురు. గుంపు ఫొటోలకు ఫ్లాష్‌ను దూరముగా, ఎత్తుగా పెట్టమనుటకు ఇదే కారణము. దీనికి ఖరీదు లేకపోలేదు: ఒక మీటరు దగ్గర 1/16 శక్తితో సరిపోయినది నాలుగు మీటర్ల దగ్గర పూర్తి శక్తిని అడుగును. ఫ్లాష్ పెట్టెమీద వ్రాయు గైడ్ నంబరు ఈ లెక్కకొరకే. ఐ.ఎస్.ఓ. 100 వద్ద గైడ్ నంబరు 40 మీటర్లని యున్నయెడల దానిని దూరముతో భాగించండి: ఐదు మీటర్లకు ఎఫ్ 8, పది మీటర్లకు ఎఫ్ 4. గొడుగు పెట్టినప్పుడు వెలుగు ఇంకను తగ్గును గనుక ఈ లెక్క మొదటి అంచనాకు మాత్రమే.

మూడవది వెలుగు యొక్క పరిమాణము. మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడ అంచు కత్తితో కోసినట్లుండును. మబ్బు పట్టినప్పుడు నీడ మెత్తబడును. సూర్యుడు అదే, కాని ఆకాశమంతయు దీపమైనది. వెలుగు వచ్చు తావు ముఖమునకు ఎంత పెద్దదిగా కనబడితే నీడ అంత మెత్తనగును. అగ్గిపెట్టెంత ఫ్లాష్‌ను తెల్లని గొడుగులోనుండి పంపినప్పుడు గొడుగంతయు దీపమగును. దానిని మనిషికి దగ్గరగా తెచ్చిన కొలది మెత్తదనము పెరుగును, దూరము చేసినయెడల గొడుగు కూడ చిన్న దీపమే యగును. గొడుగు లేనియెడల తెల్లని గోడకు ఫ్లాష్‌ను త్రిప్పి కొట్టవచ్చును, ఉతికిన తెల్లని పంచెను దండెముమీద ఆరవేసి దాని వెనుకనుండి వేయవచ్చును. నీలము, ఆకుపచ్చ రంగు వేసిన గోడలకు మాత్రము కొట్టకూడదు. ఆ రంగు ముఖముమీదికి వచ్చును. నీడ ప్రక్క మరీ నల్లగా ఉన్నయెడల ఆ ప్రక్కన ఒక థర్మోకోలు పలక పట్టుకొంటే చాలును, రెండవ ఫ్లాష్ అక్కరలేదు.

నాలుగవది చాయ. ఈ సంగతి మేము కొంచెము గట్టిగా చెప్పుచున్నాము. ఫ్లాష్‌ను ఆటోమేటిక్ మీద వదలినప్పుడు కెమెరా చూచినదంతయు మధ్యరకపు బూడిద రంగులోనికి తెచ్చుటకు ప్రయత్నించును. తెల్లచీర కట్టిన పెండ్లికుమార్తె ఎదుట అది వెలుగు తగ్గించును, ఆమె ముఖము మసకబారును. నల్లకోటు వేసికొన్న పెండ్లికుమారుని ఎదుట వెలుగు పెంచును, అతని ముఖము వెలవెలబోవును. కావున శక్తిని చేతితో నిర్ణయించుకొని, ముఖమును చూచి సరిచేసికొనుడి. మన మనుష్యులలో అధికులము నల్లనివారము, చామనచాయవారము. నల్లని చర్మము ప్రక్కవెలుగులో మెరయును. బుగ్గ ఎముకమీద, నుదుటిమీద పడిన ఆ మెరుపే రూపమును చూపును. దానికి పెద్ద, మెత్తని వెలుగు ప్రక్కనుండి కావలెను. ముఖమును తెల్లచేయుట ఫొటోగ్రాఫరు పని కాదు. తరువాత కంప్యూటరులో కూర్చుండి రంగు మార్చి, ముడతలు తుడిచి ఇచ్చిన ఫొటో ఈనాడు మెప్పు పొందవచ్చును. ఇరువది ఏండ్ల తరువాత బిడ్డలు "ఇది అమ్మలా లేదు" అందురు.

ఐదవది రంగు. ఫ్లాష్ వెలుగు పగటి వెలుగువలె తెల్లగా ఉండును. పాత రకపు బల్బు వెలుగు పసుపు. రెండును కలిసినచోట ముఖము తెల్లగాను వెనుక గోడ నారింజగాను ఉండును. ఫ్లాష్ మూతికి నారింజ రంగు జెల్ కాగితము అతికించి, కెమెరాలో వైట్ బ్యాలెన్సును బల్బుకు మార్చితే రెండును కలిసిపోవును.

ఇవి చదివినంత మాత్రమున రావు. ఏడు సాయంకాలములు కేటాయించండి. మనుష్యులతో మొదలుపెట్టవద్దు, వారు విసుగుకొందురు. ఒక ముక్కాలిపీటమీద నల్లని కుండ పెట్టుకొనండి. కుండకు విసుగు లేదు, దాని గుండ్రదనము వెలుగు తప్పును వెంటనే చూపును. మొదటి దినమున ఐ.ఎస్.ఓ. 200, షట్టరు 1/125, రంధ్రము ఎఫ్ 5.6 పెట్టి, ఫ్లాష్ లేకుండ గదిలో ఒకటి తీయండి. దాదాపు నల్లగా రావలెను. అప్పుడు గొడుగులోనుండి ఒకటిన్నర మీటరు దూరమున ఫ్లాష్‌ను 1/16 శక్తితో వేయండి. వెలుగు ఎక్కువైతే 1/32, తక్కువైతే 1/8. రెండవ దినమున ఫ్లాష్‌ను కుండ చుట్టు త్రిప్పుచు ఎదుటనుండి, ఓరగా, ప్రక్కనుండి, వెనుకనుండి తీయండి. మూడవ దినమున దూరము మాత్రము మార్చండి. నాలుగవ దినమున గొడుగు తీసియు పెట్టియు చూడండి. ఐదవ దినమున సందె వేళ బయట షట్టరు మాత్రము మార్చుచు ఆకాశము ఎట్లు మారునో గమనించండి. ఆరవ దినమున కుండమీద తెల్లగుడ్డ, తరువాత నల్లగుడ్డ కప్పి తీయండి. ప్రతి దినము ఒక్కటే మార్చి, మార్చినది నోటు పుస్తకములో వ్రాసికొనండి. ఏడవ దినమున ఇంటిలోని పెద్దవారిని పిలువండి.

ఆ ఏడవ దినపు ఫొటో ఎట్లుండునో మేము ఒక వసారాలో చూచితిమి. ఒక యౌవనస్థుడు తన ప్రక్కింటి మామ్మగారిని పీటమీద కూర్చుండబెట్టెను. ముఖమునకు ఓరగా, తలకన్న జానెడు ఎత్తున గొడుగు పెట్టెను. ఆమె కళ్లద్దములలో వెలుగు మెరయుచుండగా గొడుగును ఇంకొంచెము పైకెత్తి ప్రక్కకు జరిపెను, మెరుపు పోయెను. "మామ్మగారూ, నన్ను చూడకండి, మీ గేదెను చూడండి" అనెను. ఆమె గేదె వైపు చూచి నవ్వెను. అతడు కెమెరా వెనుక చూపించగా ఆమె చాలాసేపు చూచి, "ఒరే అబ్బాయ్, ఇందులో మా అమ్మలా ఉన్నానురా" అనెను. ఆమె తల్లికి ఫొటో లేదట.

కొన్ని హెచ్చరికలు. స్టాండు కాలికి ఇసుక నింపిన సంచి కట్టుడి. గాలికి గొడుగు పడితే ఫ్లాష్ పగులును, పసిపిల్లలమీద పడితే అంతకన్న నష్టము. పసికందుల ముఖమునకు అతి దగ్గరగా ఫ్లాష్ వేయవద్దు. కంటి ఆపరేషను అయిన పెద్దలను ముందుగా అడుగుడి. మందిరములో ప్రార్థన జరుగుచుండగా ఫ్లాష్ వేయకూడదు. ప్రమాణములు, ఉంగరములు అయిన పిమ్మట జంటను ఆవరణలోనికి తీసికొని వెళ్లి నెమ్మదిగా తీయవచ్చును.

చివరగా ప్రతి ఊరి యౌవనస్థులకు ఒక పని అప్పగించుచున్నాము. మీ వీధిలో డెబ్బది ఏండ్లు దాటినవారు ఎందరో వ్రాసికొనండి. నెలకు ఇద్దరి చొప్పున, వారి వసారాలోనే, ఒక్క ఫ్లాష్‌తో, ఉన్న చాయను ఉన్నట్లు ఫొటో తీయండి. సెల్‌ఫోనులో ఉంచి మరచిపోకుండ కాగితముమీద అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి వారి చేతికే ఇవ్వండి. వారు ఉండగానే ఇవ్వండి.